పాలకు తోడు

నెల్లూరు నుంచి మైపాడు పోయే దారి. సముద్రం దగ్గర పడే కొద్దీ రొయ్యల గుంటలు కనిపిస్తాయి. ఆ దారిలో ఒక పల్లెపాళెం. అక్కడి అంగడి గోడకు ఒక కొత్త బొమ్మ అంటించారు. బొమ్మ కింద పెద్ద పెద్ద అక్షరాలు. ఉప్పు కొనడానికి పోయిన కోడలు ఆగింది. కూడబలుక్కుని చదివింది.

"ప్రో... బ... యో... టిక్... పెరుగు."

ఇంటికి వచ్చి అత్తను అడిగింది.

"అత్తా, ప్రోబయోటిక్ పెరుగంట. పేగులకు మంచిదంట. కప్పు చూస్తే ఇంతే ఉంది. రెండు కప్పుల డబ్బుతో మనకు అర లీటరు పాలొస్తాయి. అదేం పెరుగు?"

"నాకేం తెలుసమ్మా! నాకు తెలిసింది ఒకటే పెరుగు. ముంతలో పెరుగు" అంది అత్త.

సాయంత్రం నర్సమ్మ ఆ వీధికి వచ్చింది. ఇద్దరూ ఆమెనే అడిగారు. నర్సమ్మ నవ్వింది. "ముందు మీ ముంత చూపించండి" అంది.

అత్త మూత తీసింది. పైన మీగడ కట్టి ఉంది.

"దీంట్లో ప్రాణం ఉంది" అంది నర్సమ్మ. అత్తాకోడళ్ళు ముఖముఖాలు చూసుకున్నారు.

పెరుగులో ప్రాణం ఏమిటి? కంటికి కనపడని సూక్ష్మజీవులు. ఒక్క చెంచా పెరుగులో కోట్ల కొద్దీ ఉంటాయి. పాలల్లో సహజంగానే ఒక రకం చక్కెర ఉంది. ఈ జీవులు ఆ చక్కెరను తిని పులుపు పుట్టిస్తాయి. పులుపు పెరిగే కొద్దీ పాలల్లోని మాంసకృత్తులు గడ్డకడతాయి. దాన్నే మనం పాలు తోడుకున్నాయి అంటాం.

సూక్ష్మజీవులన్నీ రోగాలు తెచ్చేవి కావు. మన పేగుల్లో కూడా కోటానుకోట్ల జీవులు కాపురం ఉన్నాయి. వాటిలో చాలా భాగం మనకు సాయం చేసేవే. బతికున్న జీవులు తగినన్ని కడుపులోకి పోయి ఆరోగ్యానికి మేలు చేస్తే, వాటిని ప్రోబయోటిక్ అంటారు.

ఈ ఆలోచన నూరేళ్ళ పైబడినది. అప్పటి రష్యా సామ్రాజ్యంలో పుట్టిన మెచ్నికోవ్ అనే శాస్త్రవేత్త పారిస్ నగరంలో పనిచేసేవాడు. 1908లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. అది పెరుగుకు కాదు, ఒళ్ళు రోగాలతో ఎట్లా పోరాడుతుందో చెప్పినందుకు. బల్గేరియా దేశపు పల్లె జనం పుల్లటి పెరుగు తిని ఎక్కువ కాలం బతుకుతున్నారని ఆయన నమ్మాడు. తానూ పుల్లటి పాలు తాగాడు. నూరేళ్ళు మాత్రం బతకలేదు. 71 ఏళ్ళకు, 1916లో చనిపోయాడు.

"అయితే మా ముంతలోది ప్రోబయోటిక్ పెరుగేనా?" అంది కోడలు.

"అంత మాట నేను చెప్పను. కంపెనీ వాళ్ళు ఏ రకం జీవిని వేశారో వాళ్ళకు తెలుసు. మీ ముంతలో ఏ రకాలున్నాయో ఎవరూ లెక్క పెట్టలేదు. ఇంటింటికీ తేడా ఉంటుంది. కానీ బతికున్న జీవులు ఇందులోనూ ఉన్నాయి. పాలల్లోని బలం ఉంది. పాలు తాగితే కడుపు ఉబ్బే వాళ్ళల్లో చాలామందికి పెరుగు పడుతుంది. ఎందుకంటే, ఆ చక్కెరలో కొంత ఈ జీవులే తినేశాయి. రోజూ తినే తిండికి ముంత చాలు. శుభ్రంగా తోడేయండి."

తోడేయడం మనకు కొత్తా? కాదు. అయినా కొన్ని తప్పులు చేస్తుంటాం.

పచ్చిపాలల్లో చెడ్డ జీవులు కూడా ఉంటాయి. అందుకే పాలు బాగా పొంగాలి. తర్వాత గోరువెచ్చగా ఆరాలి. చాలామంది పాలల్లో వేలు ముంచి చూస్తారు. గోటి మట్టి పాలల్లో కలుస్తుంది. కడిగిన చెంచాతో ఒక చుక్క తీసి మణికట్టు మీద వేసుకోండి. చురుక్కుమనకూడదు. పాలు వేడిగా ఉంటే తోడులోని జీవులు చస్తాయి. మరీ చల్లారితే అవి తొందరగా పెరగవు.

అర లీటరు పాలకు చెంచా తోడు చాలు. కలిపి, మూత పెట్టి, కదపకుండా ఉంచాలి. రోహిణి కార్తెలో నాలుగైదు గంటలకే తోడుకుంటుంది. మార్గశిరం చలిలో రాత్రంతా పడుతుంది. అప్పుడు ముంతకు గుడ్డ చుట్టి బియ్యం డబ్బాలో పెట్టండి. తోడుకున్న వెంటనే చల్లటి చోటికి మార్చాలి. లేకపోతే పులిసిపోతుంది.

మట్టి ముంత తడి పీల్చుకుంటుంది. అందుకే పెరుగు గట్టిగా వస్తుంది. అయితే దాని సందుల్లో పాత పెరుగు దాక్కుంటుంది. రోజూ వేడినీళ్ళతో కడిగి ఎండలో బోర్లించాలి. కళాయి లేని ఇత్తడి గిన్నె అసలు వద్దు. పులుపుకు కిలుము పుడుతుంది. అది విషం. మజ్జిగలో పోసే నీళ్ళు కాచి చల్లార్చినవై ఉండాలి. బూజు పట్టిన పెరుగు మొత్తం పారేయాలి. పైపైన తీసేస్తే చాలదు.

"తుఫానుకు మూడు రోజులు పాలు రాలేదు. తోడు పోయింది" అంది అత్త. "పక్కింటామె దగ్గర తెచ్చుకున్నా. అది ఒకప్పుడు నేనిచ్చిన తోడే."

అత్తకు ఇంకో అనుమానం. "చేపల పులుసు తిని పెరుగు తింటే బొల్లి వస్తుందంటారే?"

"రాదు. చర్మానికి రంగునిచ్చే కణాలు పోతే బొల్లి వస్తుంది. అంటురోగం కూడా కాదు. బెంగాల్ వాళ్ళు చేపల కూరలో పెరుగు వేసే వండుతారు."

అప్పుడు కోడలు గొంతు తగ్గించింది.

"పోయిన నెల మా రెండేళ్ళ బిడ్డకు విరేచనాలు పట్టుకున్నాయి. పెరుగన్నం పెడితే కడుతుందన్నారు. నీళ్ళు తాపొద్దన్నారు. సాయంత్రానికి బిడ్డ కళ్ళు లోపలికి పోయాయి. ఆటో కట్టుకుని నెల్లూరు పోయాం."

ఎవరన్నారో కోడలు చెప్పలేదు. అత్త తల వంచుకుంది.

"పెరుగు తిండి. విరేచనాలకు మందు కాదు" అంది నర్సమ్మ. "బిడ్డను చంపేది ఒంట్లో నీళ్ళు పోవడం. నీళ్ళు ఆపకూడదు. ఓఆర్‌ఎస్ పొట్లం తాపండి. పొట్లం లేకపోతే ఒక లీటరు శుభ్రమైన నీళ్ళు, 6 టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు. చెంచా మీద గుట్ట ఉండకూడదు. కన్నీళ్ళ కంటే ఉప్పగా ఉంటే పారబోసి మళ్ళీ కలపండి. ఒక రోజు దాటితే వాడొద్దు. జింకు బిళ్ళలు మేమిస్తాం. విరేచనాలు ఆగినా 14 రోజులు వేయాలి. తల్లిపాలు ఆపొద్దు. రెండేళ్ళ బిడ్డకు మెత్తటి పెరుగన్నం కూడా పెట్టొచ్చు. ఆరు నెలల లోపు బిడ్డకు మాత్రం పెరుగు, మజ్జిగ వద్దు. కళ్ళు లోపలికి పోయినా, ఉచ్చ పోయకపోయినా, విరేచనంలో రక్తం కనిపించినా, బిడ్డ తాగలేకపోయినా వెంటనే ఆసుపత్రికి పోవాలి."

"మళ్ళీ చెప్పు నర్సమ్మా, చక్కెర ఎన్ని చెంచాలు?" అంది అత్త.

కోడలు పలక తెచ్చింది. అత్త చెప్పింది. కోడలు రాసింది. పలకను పొయ్యి పక్కన గూట్లో పెట్టారు.

మీరు చేయండి

చక్కెర, ఉప్పు, నీళ్ళ కొలతలు మీ నోటుపుస్తకంలో రాసుకోండి. సూక్ష్మజీవి, విరేచనాలు, మణికట్టు: ఈ మాటలు మూడేసి సార్లు రాయండి. మీ ఇంటికి తోడు ఎవరి ఇంటి నుంచి వచ్చింది? ఆమె పేరు రాయండి.