అయిదు నట్ల పాఠం

మా పెదనాన్నగారికి పాత విల్లీస్ జీపు ఒకటుంది. పొలానికైనా పెళ్ళికైనా అదే వాహనం. రెండేళ్ళ క్రితం దానికి అల్లాయ్ చక్రాలు వేయించాలని ఆయనకు సరదా పుట్టింది. అయిదు బెజ్జాలూ సరిపోయాయి కదా అని షాపువాడు పాత నట్లతోనే బిగించి పంపాడు. మూడోనాడు వెనక సీట్లలో పిల్లల్ని ఎక్కించుకుని పెళ్ళికి పోతుంటే కుడివైపు ముందు చక్రం టకటకమంది. దిగి చూస్తే రెండు నట్లు లేవు. మూడోది చేత్తో తిరుగుతోంది! మెకానికల్ చదువుతున్నానన్న మాటేగాని, నట్టు గురించి నాకేం తెలుసని ఆ రోజు సిగ్గేసింది. తరువాత నేర్చుకున్నది మిత్రులతో పంచుకుందామనే ఈ వ్యాసం.

ముందు అసలు సూత్రం. నట్టు బిగించినప్పుడు స్టడ్ స్ప్రింగులాగా రవ్వంత సాగుతుంది. ఆ సాగుడు చక్రాన్ని హబ్బుకేసి అదుముతుంది. ఆ అదుములో పుట్టే రాపిడే చక్రాన్ని కదలకుండా పట్టి ఉంచేది. అదుము తగ్గిందా, చక్రం ఆడుతుంది. స్టడ్ అటూ ఇటూ వంగి, అలసి, విరుగుతుంది. కనుక కొత్త చక్రాలు వేసే ముందు నాలుగు సంగతులు చూసుకోవాలి.

1. మర: విల్లీస్ స్టడ్ అర అంగుళం, అంటే 12.7 మి.మీ.; అంగుళానికి 20 మరలు. ఈనాటి కార్లలో 12 మి.మీ. స్టడ్లు మామూలు. అర అంగుళం నట్టు 1.25 మి.మీ. మర ఉన్న 12 మి.మీ. స్టడ్‌పైకి హాయిగా ఎక్కేస్తుంది. కాని మరల కొసలే పట్టుకుంటాయి, గట్టిగా బిగిస్తే ఊడివస్తుంది. సులువుగా ఎక్కిందల్లా సరైన నట్టు కాదు.

2. ఏ వైపు మర: విల్లీస్‌లో ఎడమ పక్క చక్రాలకు ఎడమ మర. ఇది తెలియక విప్పబోయి ఇంకా బిగించి స్టడ్ విరిచేవాళ్ళు ఉన్నారు.

3. కూర్చునే చోటు: కొన్ని చక్రాల బెజ్జం కోను ఆకారం, కొన్నిటిది గుండ్రని గిన్నె, కొన్నిటిది బల్లపరుపు. నట్టు దానికి తగ్గట్టే ఉండాలి. మా కొంప ముంచింది ఇదే. చక్రానిదేమో బల్లపరుపు, వాషరు నట్టు కావాలి. వేసిందేమో కోను నట్టు. అది బెజ్జం అంచుమీదే ఆని, మెత్తని అల్లాయ్‌ని నలిపి వదులైంది.

4. పొడవు: మర కనీసం స్టడ్ మందమంత లోతు పట్టాలి. అర అంగుళానికి 20 మరల లెక్కన 10 చుట్లు, 12 మి.మీ. స్టడ్‌కు 1.5 మి.మీ. మరైతే 8 చుట్లు. రేకు చక్రం కన్నా అల్లాయ్ మందం కాబట్టి స్టడ్ చాలకపోవచ్చు. మా జీపుకు లెక్కపెడితే ఆరే! టోపీ నట్లయితే ఇంకో చిక్కు: స్టడ్ కొస ముందే టోపీకి తగిలితే, బిగిసినట్టే ఉంటుంది గాని చక్రం బిగియదు.

చివరికి పొడుగు స్టడ్లు ప్రెస్సు మీద దిగవేయించి, వాషరు నట్లు తెచ్చాం. మరలకు నూనె పూయలేదు. పూస్తే అదే టార్క్‌కు స్టడ్ ఎక్కువ సాగిపోతుంది. వరసగా కాక, ఒకటి విడిచి ఒకటి చొప్పున నక్షత్రంలా, చక్రం తయారీదారు చెప్పిన టార్క్‌కు బిగించాం. నూరు కిలోమీటర్ల లోపే మళ్ళీ సరిచూశాం.

ఇప్పుడు స్టెప్నీ మార్చినా సరే, పెదనాన్నగారు పక్కన నిలబడి, “ఒరేయ్, చుట్లు లెక్కపెట్టావా?” అంటారు. లెక్కపెట్టకుండా ఆయన బండి కదలనివ్వరు.