స్లాబు తొందర, వోచరు మీద సంతకం

ప్రశ్న: మాది ప్రకాశం జిల్లాలో చిన్న ఊరు. నాలుగేళ్లుగా మా చర్చి సంఘానికి కోశాధికారిని. కిందటేడు తుపానులో ఇళ్లు కూలిన కుటుంబాల కోసం చుట్టుపక్కల సంఘాలు, బయటి ఊళ్లలో ఉద్యోగాలు చేసుకుంటున్న మావాళ్లు డబ్బు పంపారు. అందులో ఇంకా లక్షా ఎనభై వేలు మిగిలి ఉంది. ఇప్పుడేమో క్రిస్మస్‌లోపు మందిరం స్లాబు పడాలని పెద్దలు పట్టుబట్టారు. ఆ సొమ్ము సిమెంటుకూ ఇనుముకూ వాడి, లెక్కలో మాత్రం ‘బాధితులకు బియ్యం, దుప్పట్లు’ అని రాయమంటున్నారు. నేను సణిగితే ‘అంతా దేవుని పనికే కదా, క్రీస్తు రాకడ దగ్గరపడ్డ రోజుల్లో ఈ పైసల లెక్కలేమిటి, నీకు విశ్వాసం తక్కువ’ అన్నారు. నాలో త్యాగం లేదనుకుంటారేమోనని యాభై వేలు వడ్డీకి తెచ్చి స్లాబుకిచ్చాను. ఇంట్లో చెప్పలేదు. వోచరు మీద సంతకం పెట్టనా, వద్దా?

జవాబు: పెట్టకండి. అది మీకు ఉత్తరం రాయకముందే తెలుసు. తెలిసినా చెయ్యి ఊగుతోందంటే, మీ ముందు పెట్టినవి మామూలు మాటలు కావు గనక. త్యాగం, రాకడ, దేవుని పని: విశ్వాసి కాదనలేని మాటలు మూడూ. ఉత్త దొంగ లెక్క రాయమంటే ఆ క్షణమే కాదనేవారు. త్యాగం పేరు ఎత్తేసరికి నోరు పెగల్లేదు. సరే, ఇక్కడ త్యాగం చేస్తున్నది ఎవరో చూద్దాం. ఆ లక్షా ఎనభై వేలు పెద్దలది కాదు, మీది కాదు, మందిరానిదీ కాదు. ఇచ్చినవాళ్లు ఇచ్చేశారు, అందాల్సినవాళ్లకు ఇంకా అందలేదు, మధ్యలో మీ చేతిలో ఆగి ఉంది. గోడ కూలిన ఇంటివాడి దుప్పటి డబ్బుతో ఇనుప చువ్వలు కొంటే త్యాగం చేసినవాడు ఆ ఇంటివాడు. అదీ అతన్ని అడక్కుండా అతని చేత చేయించిన త్యాగం. మనిషి త్యాగం చేయగలిగింది తనది మాత్రమే. తనది కానిదాన్ని దేవుడికిచ్చినా దాన్ని త్యాగం అనరు.

రాకడ దగ్గరపడింది గనక లెక్కలు చూడక్కర్లేదన్న వాదన పౌలు వింటే ఆశ్చర్యపోయేవాడు. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక ఏడో అధ్యాయంలో, మిగిలిన కాలం కొద్దిదేనని హెచ్చరించింది ఆయనే. అదే పత్రిక పదహారో అధ్యాయంలో యెరూషలేము విశ్వాసుల కోసం చందా ఎలా పోగుచేయాలో విడమరిచి చెప్పిందీ ఆయనే. వారం మొదటి రోజున ఎవరికి వాళ్లు కొంత తీసిపెట్టుకోవాలి, తాను వచ్చాక హడావుడిగా పోగుచేయడం ఉండకూడదు, సొమ్ము తీసుకెళ్లే మనుషుల్ని కొరింథువాళ్లే ఎంచుకోవాలి. రెండో పత్రిక ఎనిమిదో అధ్యాయానికి వచ్చేసరికి ఇంకా జాగ్రత్తపడ్డాడు. తీతుతోపాటు మరో ఇద్దరు సహోదరుల్ని పంపించాడు. వాళ్లలో ఒకరు సంఘాలే ఎన్నుకున్న మనిషి. ఇంత పెద్ద మొత్తం విషయంలో తమను ఎవరూ వేలెత్తి చూపకూడదని, దేవుడి ఎదుటే కాక మనుషుల ఎదుట కూడా సవ్యంగా ఉండాలని కారణం కూడా రాశాడు. దెబ్బలు తిన్నవాడు, చెరసాలలు చూసినవాడు, డేరాలు కుట్టుకుని బతికినవాడు. ఆయన త్యాగం మీద ఎవరికీ అనుమానం ఉండక్కర్లేదు. అయినా ‘నన్ను నమ్మండి చాలు’ అని డబ్బు సంచి ఒక్కడే భుజాన వేసుకోలేదు. పౌలుకు కూడా విశ్వాసం తక్కువేనా అని మీ పెద్దల్ని ఓసారి అడిగి చూడండి.

మందిరం పని అంటే వేరే లెక్క అంటారా? సరిగ్గా మందిరం పని గురించే రాజుల రెండో గ్రంథం పన్నెండో అధ్యాయంలో ఉంది. యోవాషు రాజు కాలంలో మందిరం శిథిలమైంది. బాగుచేయించమని డబ్బు యాజకుల చేతికే వచ్చేలా ఏర్పాటు చేస్తే, ఆయన ఏలుబడి ఇరవై మూడో ఏటికి కూడా పని జరగలేదు. అప్పుడు యెహోయాదా అనే యాజకుడు ఒక పెట్టె తెచ్చి, మూతకు బెజ్జం చేసి, బలిపీఠం పక్కన పెట్టాడు. సొమ్ము బాగా పడినప్పుడల్లా రాజుగారి లేఖకుడూ ప్రధాన యాజకుడూ ఇద్దరూ వచ్చి లెక్కపెట్టి సంచుల్లో కట్టేవాళ్లు. అక్కణ్నుంచి అది వడ్రంగులకు, తాపీ పనివాళ్లకు, మానుకు, రాళ్లకు వెళ్లేది. ఆ డబ్బుతో వెండి పాత్రలు చేయించలేదని అక్కడ ప్రత్యేకంగా రాసి ఉంది. పాత్రలూ మందిరానికే, అయినా చేయించలేదు. అపరాధ పరిహారంగా వచ్చిన సొమ్ము యాజకులది గనక దాన్ని మరమ్మతుకు తేలేదు. ఏ పేరున వచ్చింది ఆ పేరుకే. ‘అంతా దేవుని పనే’ అని అన్నిటినీ ఒకే సంచిలో పోయలేదు. ఇదే అధ్యాయం చూపించి ఎవరైనా మీతో వాదించవచ్చు, పని చేయించినవాళ్లను లెక్క అడగలేదని కూడా అక్కడే ఉంది కదా అని. ఉంది. వాళ్లు నమ్మకంగా పనిచేశారు గనక అడగలేదు. అది ఇతరులు వాళ్లకిచ్చిన గౌరవమే గాని, మమ్మల్ని అడగొద్దని వాళ్లు వేసుకున్న అడ్డుగోడ కాదు. పైగా ఆ నమ్మకానికి ముందు పెట్టె దగ్గర ఇద్దరు మనుషులు కూర్చుని లెక్కపెట్టారు.

ఇక వోచరు. సొమ్ము మళ్లించడం ఒక తప్పు, దాని మీద ‘దుప్పట్లు’ అని రాయడం వేరే తప్పు. నా లెక్కలో రెండోదే పెద్దది. అపొస్తలుల కార్యాల్లోని అననీయ, సప్పీరా దంపతుల కథను మనవాళ్లు తక్కువ ఇచ్చినవాళ్ల మీద బెదిరింపుగా చెబుతుంటారు. కథ అది కాదు. పొలం అమ్మకముందు అది నీదే, అమ్మాక డబ్బూ నీ వశంలోనే ఉంది కదా అని పేతురు అడిగాడు. కొంతే ఇస్తున్నామని చెప్పి ఉంటే ఆ రోజు వాళ్లకు ఏ ముప్పూ వచ్చేది కాదు. కొంత దాచుకుని అంతా ఇచ్చినట్టు చూపించారు. అంటే చేయని త్యాగానికి దొంగ లెక్క రాశారు. మీ చేత రాయిస్తున్నది కూడా ఆ కోవలోదే. ఎవరికీ అందని దుప్పట్లు అందినట్టు, పైగా అది దేవుడి పేరున. చట్టం ఊసు కూడా ఒక్క ముక్క: నమ్మి అప్పగించిన సొమ్మును వంచనతో వేరే దానికి వాడటాన్ని భారతీయ న్యాయ సంహిత 316వ సెక్షను నేరంగా చూస్తుంది. కాగితం మీద ఉండేది మీ సంతకం.

తొందర అనే మాటను మాత్రం నేను కొట్టిపారేయను. క్రైస్తవ విశ్వాసంలో తొందర ఉంది, ఉండాలి. కాని ఏ పనికి తొందర, ఏ పని ఆగవచ్చు అన్నది తేల్చుకోవాలి. ఇందుకు మీ జిల్లా చరిత్రే చాలు. 1876–78 నాటి ధాత కరువులో ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ ఉన్నాడు. సర్వే పని తెలిసినవాడు. బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల కాంట్రాక్టు తానే తీసుకుని, ఆకలితో వచ్చినవాళ్లకు పనీ కూలీ చూపించాడు. బాప్తిస్మం ఇమ్మని జనం అడుగుతుంటే మాత్రం దాదాపు 15 నెలలు ఎవరికీ ఇవ్వలేదు. గంజి కోసం వచ్చారో దేవుడి కోసం వచ్చారో తేలని రోజులవి. ఆయన నమ్మకం ప్రకారం బాప్తిస్మం కన్నా తొందరగా జరగాల్సిన పని ఇంకేముంటుంది? అవతల కరువుకు మనుషులు రాలిపోతున్నారు కూడా. అయినా ఆపాడు. సహాయం అయిపోయింది, ఇక ఇచ్చేదేమీ లేదని చెప్పాక కూడా జనం వెనక్కి పోకపోతే, అప్పుడు 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. బియ్యం కోసం మతం పుచ్చుకున్నారని ఆ తర్వాత కూడా అన్నవాళ్లు అన్నారు, అది వేరే సంగతి. మనం చూడాల్సింది ఆయన దేన్ని ఆపాడు, దేన్ని ఆపలేదు అని. తన రిపోర్టుకు వన్నె తెచ్చే పని ఆగింది, ఆకలిగా ఉన్నవాడి కూలి ఆగలేదు. మీ ఊళ్లో ఇది తలకిందులైంది. తుపాను పోయి ఏడాది గడిచినా లక్షా ఎనభై వేలు కదల్లేదు, స్లాబుకు మాత్రం క్రిస్మస్ గడువు. చలి క్రిస్మస్ కంటే ముందే వస్తుంది. తొందర పడాలంటే ఆ దుప్పట్ల విషయంలో పడండి.

కుడిచెయ్యి చేసేది ఎడమచేతికి తెలియకూడదన్నాడు కదా ప్రభువు, ఈ లెక్కల ప్రదర్శన ఎందుకని మీతో అనేవాళ్లుంటారు. ఆ మాట సొంత జేబులోంచి ధర్మం చేసేవాడికి చెప్పింది. మీ చేతిలో ఉన్నది మీ ధర్మం కాదు, పదిమందిది. దాన్ని దాచిపెట్టడం వినయం అనిపించుకోదు. అసలు లెక్క బహిరంగంగా ఉండాలన్నది మన పల్లె సంఘాలకు ఎవరో వచ్చి నేర్పాల్సిన సంగతి కాదు. కోతల పండుగ రోజు ఆరాధన అయ్యాక ఏం జరుగుతుందో చూడండి. గుమ్మడికాయ, కోడిపుంజు, అరటి గెల వరసగా వేలానికి వస్తాయి. పాట పెరుగుతుంది, నవ్వులు, పంతాలు, మూడోసారి అనగానే పేరూ మొత్తమూ అందరూ వింటుండగానే పుస్తకంలోకి ఎక్కుతాయి. ఇరవై రూపాయల సొరకాయకు అంత సాక్ష్యం ఉంటుంది. రెండు లక్షలకు దగ్గర పడ్డ మొత్తం దగ్గరికొచ్చేసరికి తలుపులు ఎందుకు మూసుకున్నాయి? బయటపడితే అన్యుల ముందు నవ్వులపాలవుతాం అనేది ఇంకో మాట. అవుతాం, నిజమే. అయితే అది దొంగ వోచరు రాయకపోవడానికి కారణం గాని, రాసి దాచడానికి కాదు.

మీ యాభై వేల సంగతి. కొరింథీయుల రెండో పత్రిక ఎనిమిదో అధ్యాయంలోనే పౌలు మాసిదోనియవాళ్ల బీదరికాన్నీ, శక్తికి మించి వాళ్లిచ్చిన తీరునూ మెచ్చుకున్నాడు. ఆ వెంటనే, ఉన్నదాన్నిబట్టి ఇస్తేనే అంగీకారం, లేనిదాన్నిబట్టి కాదని కూడా రాశాడు. మాసిదోనియవాళ్లు ఇచ్చింది ఇష్టపడి. మీరిచ్చింది ఎవరేమనుకుంటారోనని. వడ్డీ కట్టేది మీ ఇల్లంతా, తెలిసింది మీ ఒక్కరికే. ఈ రాత్రే ఇంట్లో చెప్పండి. చీవాట్లు తప్పవు, తినండి.

సంతకం సంగతి మొదట పాస్టరు గారితో ఒంటరిగా మాట్లాడండి. వినకపోతే మరొకరిద్దరిని తీసుకెళ్లండి. మత్తయి పద్దెనిమిదో అధ్యాయంలోని వరస అదే. పది మందిలో మొదటిసారే లేచి నిలదీయకండి. డబ్బు పంపినవాళ్లకు మిగిలిన మొత్తం ఇంత అని ఉత్తరం రాద్దామని అడగండి. ఇంకా అవసరంలో ఉన్న కుటుంబాల పేర్లు రాసి, వాళ్లకు అందించాకే మిగతా మాట. ఎవరికీ అవసరం లేదని తేలి, ఇచ్చినవాళ్లు స్లాబుకు వాడుకోమని రాసి పంపితే అప్పుడు నిరభ్యంతరంగా వాడండి, వోచరులో ‘సిమెంటు’ అనే రాయండి. ఈ ఏడాది క్రిస్మస్ ఆరాధన షామియానా కింద జరిగితే మునిగిపోయేదేమీ లేదు. ఒకవేళ కోశాధికారి పదవి నుంచి మిమ్మల్ని తీసేస్తే, నిల్వ ఎంతో రాసి, ఇద్దరి సంతకాలతో పుస్తకం అప్పగించి, నకలు ఉంచుకోండి. పెళ్లికీ చావుకూ సంఘమే దిక్కైన ఊళ్లో నలుగురూ ముఖం చాటేస్తే ఎంత కష్టమో నేను తక్కువ చేసి చెప్పను. మీకు త్యాగం లేదనుకుంటారేమోనని యాభై వేలు అప్పు తెచ్చారు. మిమ్మల్ని నిజంగా అడుగుతున్న త్యాగం సంఘంలో మీ ముందు వరస కుర్చీ.

ప్రశ్న: హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. ఉజ్జీవ సభల్లో పూర్తికాలం సేవకు సమర్పించుకున్నాను. నా చదువు కోసం నాన్న చేసిన అప్పు ఇంకా రెండేళ్లు కట్టాలి, వాయిదాలు నా జీతంలోంచే వెళ్తున్నాయి. అది తీరాక వస్తానంటే, తండ్రిని పాతిపెట్టి వస్తానన్నవాడికి కూడా యేసు గడువివ్వలేదు, చదువుకోమంటున్నారు. ఏం చేయను?

జవాబు: ఆ మాట కఠినమైనదే. దాన్ని మెత్తబరిచే పని నేను పెట్టుకోను. కాని అదే యేసు మార్కు సువార్త ఏడో అధ్యాయంలో ఇంకో సంగతి మీద మండిపడ్డాడు. తల్లిదండ్రులకు దక్కాల్సినదాన్ని ‘కొర్బాను’ అని, అంటే దేవుడికి ఇచ్చేశానని చెప్పి వాళ్లకు ఎగ్గొట్టే ఆచారం మీద. రెండూ కలిపి చదవాలి. మొదటి చోట మనిషి వదులుకోవాల్సింది తన సొంతం. రెండో చోట వదిలేస్తున్నది అవతలివాళ్లకు రావాల్సింది. మీరు జీతం, పేరు, ప్రమోషను వదులుకుంటే అది మీ త్యాగం. వాయిదాలు వదిలేస్తే త్యాగం చేసేది మీ నాన్న, బ్యాంకువాళ్లు ఆయనకే ఫోన్ చేస్తారు. యాకోబు, యోహాను వల వదిలి వెళ్లినప్పుడు తండ్రి జెబెదయి పడవలో కూలివాళ్లతో ఉన్నాడని మార్కు రాశాడు. ఆ కూలివాళ్ల ప్రస్తావన ఊరికే వచ్చిందని నేననుకోను. ప్రభువు దినం వచ్చేసిందన్న కలవరం రేగిన థెస్సలొనీకలో కొందరు పనిపాటా లేకుండా తిరుగుతుంటే, నెమ్మదిగా పనిచేసుకుని సొంత తిండి తినమన్నాడు పౌలు.

తొందర ఉంటే అప్పు మీద చూపించండి. చిన్న గదిలోకి మారండి, బోనసు మొత్తం అసలుకు కట్టండి, రెండేళ్లది పద్నాలుగు నెలల్లో తీరుతుందేమో లెక్క వేసుకోండి. సాయంత్రాలూ ఆదివారాలూ ఎలాగూ మీవే, సేవ అప్పటిదాకా ఆగక్కర్లేదు. వెంటనే రమ్మంటున్నవాళ్లను మాత్రం ఒక్కటి అడగండి. మిగిలిన వాయిదాలు తాము కడతామని కాగితం మీద రాసిస్తారా? రాసిస్తే రేపే రాజీనామా ఇవ్వండి.