ముందుగా పరుగెత్తినవారికి మన ఆదరణ

పాఠ్యభాగము: 1 రాజులు 19:1–8



1998 ఫిబ్రవరి 14న కోయంబత్తూరులో వరుసగా బాంబులు పేలి 58 మంది చనిపోయారు. 200 మందికి పైగా గాయపడ్డారు. 2020 నవంబరు 14న, దీపావళినాడు, మదురైలో ఒక బట్టల దుకాణములో మంటలు ఆర్పుచుండగా భవనము కూలి ఇద్దరు అగ్నిమాపక సిబ్బంది మరణించారు.

ఇటువంటి సమయములలో చనిపోయినవారి ఇండ్లకు వెళ్తాము, గాయపడినవారిని పరామర్శిస్తాము. అయితే శరీరములను మోసి, క్షేమముగా ఇల్లు చేరినవారిని ఎవరు పలకరిస్తారు? అగ్నిమాపకులు, పోలీసులు, 108 వాహన సిబ్బంది, నర్సులు ఆ వరుసలో ఉన్నారు. అందరూ వెళ్లిపోయిన తరువాత వీధి శుభ్రము చేసే పారిశుద్ధ్య కార్మికులను కూడా మరువరాదు. ఈ రెండు నగరములలో తరతరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబములలో ఆ పని చేసేవారు అనేకులు.

గుర్తించవలసిన లక్షణములు

అదే దృశ్యము కలలో రావడము, చిన్న శబ్దమునకే ఉలిక్కిపడడము, ఆ వీధి వైపు వెళ్లలేకపోవడము, ఇంటిలో అకారణ కోపము, తాగుడు. మొదటి వారములలో ఇవి చాలామందికి కలిగి, క్రమముగా తగ్గుతాయి. నెల దాటినా తగ్గక, పనికీ కుటుంబమునకూ అడ్డు వస్తుంటే మానసిక వైద్యుని చూడాలి. చావాలనే మాట వినబడితే నెల వరకు ఆగకూడదు. ఆ రోజే తీసుకొని వెళ్లాలి. ఇది పిరికితనము కాదు, అవిశ్వాసము కాదు. చికిత్స ఉన్న జబ్బు.

ఏలీయా కర్మెలు మీద ధైర్యముగా నిలిచినవాడే. తరువాత బదరీవృక్షము క్రింద చావు కోరుకున్నాడు. అతనికి మొదట దొరికినది గద్దింపు కాదు. నిద్ర, రొట్టె, నీళ్లు. ప్రశ్నలు తరువాత వచ్చాయి.

మనము చేయవలసినది

2011లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రచురించిన మానసిక ప్రథమ చికిత్స పుస్తకము మూడు పనులు నేర్పుతుంది: చూడడము, వినడము, తగిన సహాయముతో కలపడము.

చూడడము అంటే అతను తింటున్నాడా, నిద్రపోతున్నాడా అని గమనించడము. అతని భార్యను కూడా అడగాలి; ఇంటి బరువు ఆమె మీదనే పడుతుంది.

వినడము అంటే చెప్పించడము కాదు. ఇక్కడ సంఘములు జాగ్రత్తపడాలి. అతనిని ఆదివారము సభలో నిలబెట్టి, చూచినదంతా సాక్ష్యముగా చెప్పమని ఒత్తిడి చేయవద్దు. జరిగినదంతా వెంటనే ఒకేసారి చెప్పించడము వలన తరువాతి బాధ తగ్గదని పరిశోధనలు చూపాయి. అతనే మాటలాడితే వినండి. మౌనముగా ఉంటే ప్రక్కన కూర్చోండి.

కలపడము అంటే వైద్యుని యొద్దకు తోడు వెళ్లడము. ప్రభుత్వము 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలి మానస్ నంబరు 14416. రాత్రింబగళ్లు ఉచితముగా పనిచేస్తుంది. తెలుగు, తమిళము సహా అనేక భాషలలో సేవ ఉన్నది.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. మన సంఘములో ఇటువంటి పనులు చేసేవారు ఎవరు? వారి పేర్లు మనకు తెలుసా?
2. ప్రమాదము జరిగిన మూడవ నెలలో వారి ఇంటికి వెళ్లేది ఎవరు?
3. చెప్పుకొన్న మాట బయటికి పోదనే నమ్మకము మన మధ్య ఉన్నదా?