దేహములోని మరమ్మతు పని

పలాస, కాశీబుగ్గ ప్రాంతములందు జీడిపిక్కలు ఒలుచు స్త్రీల వ్రేళ్లను చూచినవారికి ఒక విషయము తెలియును. పిక్క పెంకులోని నూనె తగిలినచో చర్మము కాలి పొరలుగా ఊడును. కొన్ని దినములకు క్రిందినుండి క్రొత్త చర్మము వచ్చును. ఈ మరమ్మతును దేహము తనంతట తానే చేసికొనును. ఆ పని ఎట్లు జరుగునో, ఎచ్చట జరుగదో గ్రామవాసులు తెలిసికొనుట మేలని తలచి మేమీ వ్యాసమును వ్రాయుచున్నాము.

వరికోతలో కొడవలి తగిలి వ్రేలు తెగినదనుకొందము. మొదట రక్తము గడ్డకట్టి గండిని పూడ్చును. ఇది కొన్ని నిమిషముల పని. పిదప తెల్లరక్తకణములు అచ్చట చేరి సూక్ష్మజీవులను, చచ్చిన కణములను తినివేయును. గాయము చుట్టును ఎఱుపు, వాపు, వేడిమి కనబడుట ఇందువలననే. అటుపిమ్మట క్రొత్త రక్తనాళములు మొలచును. కొల్లాజెన్ అను మాంసకృత్తు నారవలె అల్లుకొనును. అంచులనుండి చర్మకణములు ప్రాకి పైభాగమును కప్పును. మిగిలిన మచ్చ నెలల తరబడి గట్టిపడుచుండును. అయినను మొదటి చర్మమంత బలమును పొందదు.

ఈ పనికి ముడిసరకు ఆహారమే. పప్పులు, చేపలు, గ్రుడ్లు మాంసకృత్తుల నిచ్చును. కొల్లాజెన్ తయారగుటకు సి విటమిను కావలెను. అది ఉసిరి, జామ, నిమ్మలందు కలదు. గాయముపై పేడ, మన్ను, కాఫీపొడి వేయరాదు. పేడలోను, మట్టిలోను ధనుర్వాతపు క్రిములుండును. గాయమును శుభ్రమైన నీటితో, సబ్బుతో కడిగి, ధనుర్వాతపు టీకాకై ఆరోగ్య కేంద్రమునకు పోవలెను.

అవయవములన్నియు ఒకే తీరున బాగుపడవు. విరిగిన ఎముకను కదలకుండ కట్టినచో అది మరల ఎముకగనే అతుకుకొనును. కాలేయములో సగమునకు పైగా కోసి తీసివేసినను, మిగిలినది ఆరోగ్యముగా నున్నచో కొన్ని మాసములలో ఇంచుమించు మొదటి పరిమాణమునకు పెరుగును. మూత్రపిండమునకు ఈ భాగ్యము లేదు. ఒక్కొక్క మూత్రపిండమునందు నెఫ్రానులను వడపోత గొట్టములు సుమారు 10 లక్షలుండును. గొట్టపు లోపలి పొర కొంత దెబ్బతిన్నచో మరల ఏర్పడగలదు. గొట్టమే నశించినచో దాని స్థానమున క్రొత్తది పుట్టదు. మచ్చ మాత్రమే మిగులును.

కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు మున్నగు మండలములతో కూడిన ఉద్దానమునకు వచ్చిన కష్టమిదియే. కొబ్బరి, జీడితోటలతో పచ్చగానుండు ఆ సీమలో మధుమేహము, రక్తపుపోటు లేనివారికిని మూత్రపిండముల జబ్బు దశాబ్దములుగా వచ్చుచున్నది. మూలకారణము ఇదియని శాస్త్రజ్ఞులు ఇంకను తేల్చలేదు. 2023 డిసెంబరులో పలాసయందు మూత్రపిండ వ్యాధుల పరిశోధన కేంద్రము, 200 పడకల ఆసుపత్రి ప్రారంభింపబడినవి. అయితే డయాలిసిస్ యంత్రము రక్తమును వడపోయునే కాని, చెడిన మూత్రపిండమును బాగుచేయజాలదు.

ఈ జబ్బు ముదురువరకు నొప్పియుండదు. వడపోత గొట్టములు చాలభాగము నశించినను మనిషి ఎప్పటివలెనే పనిపాటలు చేసికొనుచుండును. కావున ఉద్దానపు సోదరసోదరీమణులు ఏ బాధయు లేకున్నను ఏటేట రక్తములో క్రియాటినిన్ పరీక్షను, మూత్రపరీక్షను చేయించుకొనవలెను. ఒళ్లునొప్పులకు దుకాణములో మాత్రలు కొని దినదినము మ్రింగరాదు. ఎండలో పనిచేయువారు మంచినీరు త్రాగుచు, నడుమనడుమ నీడన విశ్రమింపవలెను. జబ్బు ఇదివరకే కనబడినవారు నీరు, ఆహారము, మందుల విషయమున వైద్యుని సలహాను పాటించినచో మిగిలిన గొట్టములు ఎక్కువ కాలము పనిచేయును.