సెల్ఫ్ కొట్టని కారు: బ్యాటరీ వారంటీ, జంపర్ కేబుళ్లపై తరచూ అడిగే ప్రశ్నలు

రోహిణి కార్తె ఎండలకు దెబ్బతిన్న బ్యాటరీ వెంటనే మొరాయించదు. లోపలి పలకలు తుప్పు పట్టి, నీరు ఆవిరైపోయినా ఎలాగో కొన్నాళ్లు లాగిస్తుంది. తొలకరి పడి హెడ్‌లైట్లు, వైపర్లు, ఏసీ ఒకేసారి వేసుకున్న వారంలో సెల్ఫ్ టక్కుమని ఆగిపోతుంది. అప్పుడు మొదలయ్యే ప్రశ్నలివి.

వారంటీ ఉండగానే బ్యాటరీ పడుకుంది. షాపులో ‘ఛార్జింగ్ పెడితే సరిపోతుంది’ అంటున్నారు. ఒప్పుకోవాలా?

ఒకసారి ఒప్పుకోండి. పూర్తిగా దిగిపోయిన బ్యాటరీ మంచిదో చెడ్డదో ఛార్జింగ్ పెట్టకుండా చెప్పలేరు కాబట్టి వాళ్లు అడిగేది న్యాయమే. కానీ నోటిమాటతో బ్యాటరీ వదిలి రావద్దు. ఇచ్చిన తేదీ, అప్పుడున్న వోల్టేజీ, ఛార్జింగ్ తర్వాతి వోల్టేజీ, లోడ్ టెస్టు ఫలితం చీటీ మీద రాయించి ముద్ర వేయించుకోండి.

ఈ మాట అనుభవంతో చెబుతున్నాను. ఒక షాపు నా బ్యాటరీని మూడుసార్లు ఛార్జింగ్ పెట్టి ‘బాగుంది సార్’ అని పంపింది. నాలుగోసారి వెళ్లేసరికి ఉచితంగా మార్చే గడువు పది రోజుల కిందట దాటిపోయింది. లోపం అంతకుముందే ఉందని చూపడానికి నా దగ్గర ఒక్క చీటీ లేదు.

అంకెలు మీరూ తెలుసుకోండి. ఇంజిన్ ఆపి కొన్ని గంటలయ్యాక 12.6 వోల్టులుంటే బ్యాటరీ నిండుగా ఉన్నట్టు. 12.2 అంటే సగం. 12 లోపు అంటే దాదాపు ఖాళీ. ఇంజిన్ తిరుగుతుండగా సుమారు 13.8 నుంచి 14.4 వరకు చూపాలి. అంతకంటే బాగా తక్కువ చూపితే ముందు ఆల్టర్నేటర్‌ను, దాని బెల్టును అనుమానించాలి. అవి బాగుచేయించకుండా కొత్త బ్యాటరీ వేస్తే అదీ నాలుగు రోజుల్లో దిగిపోతుంది.

కార్డు మీద ‘36+36’ అని ఉంది. ఆరేళ్ల వారంటీయేనా?

మొదటి 36 నెలలే ఉచితంగా మారుస్తారు. తర్వాతి 36 నెలల్లో కొత్త బ్యాటరీ మీద కొంత శాతం తగ్గింపు మాత్రమే ఇస్తారు, నెలలు గడిచేకొద్దీ అదీ తగ్గుతుంది. పైగా చాలా కంపెనీలు ఆ తగ్గింపును ఎంఆర్‌పీ మీద లెక్కగడతాయి. బయట షాపులో మామూలుగా దొరికే ధరతో పోల్చి చూశాకే ఒప్పుకోండి. ఉచితంగా మార్చి ఇచ్చిన బ్యాటరీకి సాధారణంగా పాతదాని మిగిలిన గడువే వర్తిస్తుంది.

బిల్లు మీద ‘అమ్మిన వస్తువు వాపసు తీసుకోబడదు’ అని అచ్చు వేశారు. ఇక దారి లేదా?

ఉంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం లోపమున్న వస్తువును బిల్లులో రాసిన గడువులోగా, గడువే రాయకపోతే 30 రోజుల్లోగా వాపసు తీసుకోనంటే అది అనుచిత వ్యాపార పద్ధతే. బిల్లు ఇవ్వకపోవడమూ అంతే.

ముందు షాపుకూ కంపెనీకీ రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. కదలిక లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లండి. కొన్న ఊళ్లోనే వేయాలని లేదు, మీరు ఉంటున్న ఊళ్లోనూ వేయొచ్చు. వస్తువు విలువ 5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు, వకీలు తప్పనిసరి కాదు. సమస్య తలెత్తిన నాటి నుంచి రెండేళ్ల గడువు ఉంటుంది.

జంపర్ కేబుళ్లు ఎలాంటివి కొనాలి? ప్యాకెట్ మీద ‘500 ఆంప్స్’ అంటే చాలా?

చాలదు. ఎక్కువ మంది మోసపోయేది ఇక్కడే. పైన వేలు లావు ప్లాస్టిక్ తొడుగు, లోపల బలపం అంత తీగ. తొడుగు లావును చూసి కొనేస్తాం. అడగాల్సింది లోపలి తీగ మందం ఎంత, అది రాగా అల్యూమినియమా అన్నది. బ్లేడుతో తీగ కొసను గీకి చూడండి. ఎర్రటి పూత లేచి తెల్లగా మెరిస్తే అది రాగి పూసిన అల్యూమినియం.

లెక్క చూడండి. సెల్ఫ్ కొట్టేటప్పుడు చిన్న పెట్రోలు కారు 150 ఆంపియర్లు లాగిందనుకుందాం. మూడు మీటర్ల జత, 16 స్క్వేర్ ఎంఎం రాగి తీగలో దారిలో పోయేది సుమారు ఒక వోల్టు. అదే 6 స్క్వేర్ ఎంఎం అల్యూమినియమైతే నాలుగు వోల్టులు తీగలోనే పోతాయి. క్లిప్పు చేతికి కాలుతుంది, సెల్ఫ్ మాత్రం టక్కుమని ఊరుకుంటుంది. మామూలు పెట్రోలు కార్లకు 16, డీజిల్ బళ్లకు 25 స్క్వేర్ ఎంఎం రాగి తీసుకోండి.

ప్యాకెట్ మీద ఎంఆర్‌పీ, తయారీదారు లేదా దిగుమతిదారు పేరు, చిరునామా ఉండాలి. లేని గుణాన్ని ఉన్నట్టు అచ్చు వేయడం కూడా అనుచిత వ్యాపార పద్ధతే. ఆన్‌లైన్‌లో కొంటే ఆ సైటు ఫిర్యాదుల అధికారి 48 గంటల్లో ఫిర్యాదు అందినట్టు చెప్పాలి, నెలలో పరిష్కరించాలి. తీగ గీకిన చోట ఫోటో తీసి పెట్టుకోండి.

తగిలించే వరుస?

ఆగిన బండి ప్లస్‌కు ఎర్రది, సాయం బండి ప్లస్‌కు ఎర్రది. తర్వాత సాయం బండి మైనస్‌కు నల్లది. చివరి నల్ల క్లిప్పు ఆగిన బండి ఇంజిన్ మీద, బ్యాటరీకి దూరంగా, రంగు లేని ఇనుప భాగానికి పెట్టాలి. బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వస్తుంది, ఆఖరి క్లిప్పు దగ్గర నిప్పురవ్వ లేస్తుంది. ఆ రెండూ కలవకూడదు. తీసేటప్పుడు ఇదే వరుస వెనక నుంచి. పొట్ట ఉబ్బిన, పగిలిన బ్యాటరీకి కేబుల్ అసలు పెట్టొద్దు. హైబ్రిడ్, ఎలక్ట్రిక్ కార్లకు కంపెనీ పుస్తకం చెప్పినట్టే చేయాలి.

రోడ్డు మీద ఆగిపోతే జరిమానా వేస్తారా?

రాకపోకలకు అడ్డంగా వదిలేస్తే మోటారు వాహనాల చట్టం 201వ సెక్షన్ కింద 500 రూపాయల వరకు వేయొచ్చు. అందుకే ముందు పక్కకు తోయండి, నాలుగు ఇండికేటర్లూ వేసి వెనక ఎర్ర త్రికోణం పెట్టండి. జాతీయ రహదారి మీదైతే 1033కు ఫోన్ చేయండి.

పాత బ్యాటరీ షాపువాళ్లకు ఇచ్చి తీరాలా?

వారంటీలో మారిస్తే అది కంపెనీకి వెళ్తుంది. డబ్బు పెట్టి కొత్తది కొంటుంటే పాతది మీ సొత్తు. దాని వెల ఎంత తగ్గించారో బిల్లులో వేరే గీతలో రాయించండి. లోపలి సీసానికి మంచి ధర ఉంటుంది, ఆ లెక్క మీకు తెలియాలి. అయితే 2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం దాన్ని మామూలు చెత్తలో కలపకూడదు, సేకరించేవారికో రీసైక్లింగ్ చేసేవారికో ఇవ్వాలి. పది రూపాయలు ఎక్కువిస్తామనే తోపుడు బండికి ఇవ్వకండి. పెంకు పగలగొట్టి యాసిడ్ వీధి కాలువలో పోసేవాళ్లున్నారు. కొత్త బ్యాటరీ పక్కన గీత కొట్టిన చెత్తడబ్బా బొమ్మ, దాని కింద సీసం గుర్తు ఉంటాయి. కొనేటప్పుడే ఒకసారి వేలు పెట్టి చూడండి.