ఇతరుల పొదుపు – మన మనశ్శాంతి



మన విచారణలలో దాదాపు ప్రతిచోటా బీమా ఏజెంటుగా పనిచేసే సోదరుడు ఒకరు ఉంటారు. పోస్టాఫీసు రికరింగ్ డిపాజిట్ల డబ్బు ఇంటింటికీ తిరిగి వసూలుచేసే సోదరీమణులూ ఉంటారు. వీరికి యజమాని లేడు, నెల జీతమూ లేదు. పదిమంది పొదుపును చూసిపెట్టి, వచ్చే కమీషన్‌తో ఇల్లు గడుపుకుంటారు. చూసేవారికి ఇది తేలికైన పనిలా కనిపిస్తుంది. కాని రాత్రి అందరూ పడుకున్నాక వీరిలో చాలామందికి నిద్రపట్టదు. ఎందుకని? ఈ వారం దాన్ని గూర్చి ఆలోచిద్దాం.

పొదుపు పని మన ప్రాంతానికి కొత్తది కాదు. డాక్టర్ భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు 1923లో ఆంధ్రా బ్యాంకును స్థాపించింది బందరులోనే. ఆ బ్యాంకు 2020లో యూనియన్ బ్యాంకులో విలీనమైంది. 1956లో ప్రైవేటు జీవిత బీమా కంపెనీలన్నీ జాతీయమై జీవిత బీమా సంస్థ ఏర్పడింది. మచిలీపట్నంలో ఆ సంస్థకు డివిజన్ కార్యాలయం ఉంది. ఇంత కాలంగా గ్రామానికీ ఆఫీసుకూ మధ్య నడిచిన మనిషి ఏజెంటే. అందుకే మంచి పేరు వచ్చినా, మాట వచ్చినా మొదట ఆయనకే వస్తుంది.

1. బరువు ఎక్కడ మొదలవుతుంది?

"మార్చి వచ్చింది, టార్గెట్ పూర్తికాలేదు, అందుకే ఈ ఆందోళన" అని చాలామంది అంటారు. అది కొంతవరకే నిజం. అసలు బరువు సంతకం పెట్టించిన రోజే మొదలవుతుంది. కట్టలేని మనిషికి పెద్ద పాలసీ కట్టబెడితే, ఆ మనిషి ఎగవేసే ప్రతి వాయిదా మన గుండెలమీద పడుతుంది.

మన డెల్టాలో డబ్బు పన్నెండు నెలలూ ఒకేలా రాదు. గుడివాడ చుట్టుపక్కల రైతు చేతికి సార్వా ధాన్యం డబ్బు సంక్రాంతి ప్రాంతంలో వస్తుంది. చేపల, రొయ్యల చెరువులవారికి పట్టుబడి రోజునే లెక్క తేలుతుంది. గిలకలదిండి, నాగాయలంక మత్స్యకారులకు ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజులు సముద్రంలో వేట నిషేధం. బందరు రోల్డుగోల్డు పనివారికి చేసిన పనిని బట్టి కూలి.

అందుచేత వాయిదా కట్టేవారి రాబడి నెలను ముందు అడగండి. ఏడాదికొకసారి కట్టే పాలసీ ఏ నెలలో మొదలైతే వాయిదా ఆ నెలలోనే వస్తుంది. రైతుకు జనవరి మంచిది. మత్స్యకార కుటుంబం రికరింగ్ డిపాజిట్ కట్టేటట్లయితే నిషేధపు నెలల కిస్తీలు మార్చిలోనే ముందుగా కట్టించవచ్చు. పోస్టాఫీసు నిబంధన ప్రకారం నాలుగు కిస్తీలు తప్పితే ఖాతా నిలిచిపోతుంది. తరువాత రెండు నెలలలోగా పునరుద్ధరించుకోవాలి. ఈ సంగతి మొదటి రోజే చెబితే తరువాత తగాదా ఉండదు.

2. సొంత జేబులోనుండి కట్టవద్దు

"ఈసారికి నువ్వు కట్టెయ్యి బాబాయ్, పంట రాగానే ఇస్తాను." ఈ మాటకు మొహమాటపడని ఏజెంటు అరుదు. ఒక ఏజెంటు ఆరుగురికి తలా 2,500 రూపాయలు కట్టాడనుకుందాం. మొత్తం 15,000. నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి ఆ సొమ్ము తెచ్చాడు. నెలకు వడ్డీ 300. కమీషన్ నూటికి అయిదు అనుకుంటే అతనికి వచ్చేది 750. మూడు నెలలు గడిచేసరికి వడ్డీ 900 అయింది. ఇక అతను చేస్తున్నది వ్యాపారం కాదు, ఎదురు కట్నం. పైగా బాకీ అడిగితే చుట్టరికం చెడుతుంది, అడగకపోతే ఇల్లు చెడుతుంది.

నెల, మూడు నెలలు, ఆరు నెలలు, ఏడాది వాయిదాలన్నిటికీ గడువు తరువాత కొన్ని రోజుల వ్యవధి ఉంటుంది: నెలవారీ పాలసీకి 15 రోజులు, మిగతావాటికి 30 రోజులు. అది దాటినా పాలసీని పునరుద్ధరించుకునే వీలుంది. కనుక గడువును గుర్తుచేయడం మన విధి. కట్టడం వారి విధి. ఈ గీత దాటకుండా ఉంటే సగం ఆందోళన తగ్గుతుంది.

రెండవ గీత: వారి సొమ్ము మన ఇంటి ఖర్చుల డబ్బుతో కలవకూడదు. ఏజెంటు వసూలుచేసిన ప్రీమియంను, సెలవులు పోగా, 24 గంటలలో తన కమీషన్ మినహాయించుకోకుండా పూర్తిగా జమచేయాలని 1938 నాటి బీమా చట్టం చెబుతోంది. "రేపు కడదాంలే" అని ఆ డబ్బుతో పిల్లవాడి ఫీజు కట్టినవారికి ఆ రేపు ఎప్పుడు వస్తుందో తెలియదు. వేరే సంచి, వేరే పుస్తకం, ప్రతి రూపాయికీ రశీదు. ఇవి మనశ్శాంతికి మందులు.

3. తెలియనిది అమ్మవద్దు, భయపెట్టి అమ్మవద్దు

ఎక్కువ కమీషన్ ఆశకు ఊరూ పేరూ తెలియని డిపాజిట్ కంపెనీలకు ఏజెంట్లయిన వారున్నారు. విజయవాడ కేంద్రంగా నడిచిన అగ్రిగోల్డ్ 2014-15లో చెల్లింపులు నిలిపివేసినప్పుడు లక్షలమంది డిపాజిటుదారులు వీధిన పడ్డారు. వారికి కంపెనీ పెద్దలు దొరకలేదు, పక్క వీధి ఏజెంటు దొరికాడు. ఆ ఏజెంట్లలో చాలామంది తమ సొంత డబ్బు కూడా అందులో పెట్టినవారే. నియంత్రణ లేని డిపాజిట్ పథకాలను 2019 చట్టం నిషేధించింది. అడిగిన ప్రశ్నకు జవాబు తెలియకపోతే "నాకు తెలియదు, కనుక్కొని చెబుతాను" అనడం చిన్నతనం కాదు.

అలాగే 1977 నవంబరు 19నాటి ఉప్పెన దివిసీమ ఇళ్లలో ఇంకా మానని గాయం. ఆ పేరు చెప్పి భయపెట్టి సంతకం పెట్టించుకోవడం తగదు. భయంతో కొన్నవాడు భయం తగ్గగానే కట్టడం మానేస్తాడు.

4. పనికి హద్దు, ఒంటికి విశ్రాంతి

సొంత పనికి గంటలు ఉండవు, కనుక మనమే పెట్టుకోవాలి. రాత్రి ఎనిమిది తరువాత ఫోను పక్కన పెట్టండి. ఆదివారం పూజ ముగిసి గుడి మెట్లు దిగేలోపే పాలసీ మాట ఎత్తవద్దు. ఎదుటివారు ఎత్తినా "రేపు ఉదయం ఇంటికి వస్తాను" అనండి. ఆ రోజు దేవునిది, మీ పిల్లలది. మంచి నెల వచ్చినప్పుడు కమీషన్‌లో కొంత తీసి పక్కన ఉంచండి. వర్షాకాలపు ఖాళీ నెలలకు అదే మీ జీతం. ఊరి పొదుపు చూసేవారి ఇంట్లో పొదుపు లేకపోవడం తరచుగా చూస్తున్నదే!

లెక్కలు భార్యాభర్తలిద్దరికీ తెలిసి ఉండాలి. దాచిన అప్పు ఒక్కరే మోస్తే రెండింతల బరువు.

నిద్ర లేకపోవడం, ఊరికే కోపం, గుండెదడ, మద్యంవైపు మనసు పోవడం రెండు వారాలు దాటి ఉంటే డాక్టరు వద్దకు వెళ్లండి. అది విశ్వాసలోపం కాదు, జబ్బు. బతుకుమీద విరక్తి కలిగితే ఆ క్షణమే ఎవరితోనైనా చెప్పండి. 14416 నంబరుకు ఫోన్ చేస్తే 'టెలి మానస్' సేవ ఉచితంగా దొరుకుతుంది, తెలుగులో మాట్లాడవచ్చు.

ఇంట్లో కలిసి ఆలోచించండి

1. ఇతరుల కోసం మన జేబులోనుండి కట్టిన సొమ్ము ఎంత? ఎవరెవరికి? ఈ రాత్రే రాయండి.

2. మన వద్ద వాయిదా కడుతున్నవారిలో రాబడి లేని నెలలో గడువు పడేవారు ఎవరు?

3. మనం పాలసీ తీసుకున్నవారమైతే, మన ఏజెంటును మొహమాటపెట్టి కట్టించుకున్న వాయిదా ఏదైనా ఉన్నదా? ఉంటే వచ్చే ఆదివారం లోపల తీర్చివేద్దాం. ఆయన ఆ రాత్రి నిద్రపోతాడు.