ఇంతకీ ఏ బోరు నీళ్లు?

నల్గొండ,
ఆదివారం.

చిరంజీవి అమ్మడికి పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు పంపిన రిపోర్టు రెండుసార్లు చదివాను. తాగునీటిలో ఫ్లోరైడ్ మీద ఇరవై రెండు పేపర్లు వెతికి పట్టుకున్నావు, ముప్ఫై పేజీలు నింపావు. పడ్డ కష్టం కనపడుతోంది. పక్కన కూర్చుని విన్న మీ పెద్దమ్మ మాత్రం, "అంతా బాగానే ఉంది గానీ, ఇంతకీ ఆ నీళ్లు తాగొచ్చా, వద్దా?" అంది. ముప్ఫై పేజీలు మళ్లీ తిరగేసినా నాకు జవాబు దొరకలేదు. ఫోన్‌లో చెబితే "సరే పెదనాన్నా" అని పెట్టేస్తావని ఉత్తరం రాస్తున్నా.

ముందు నా తప్పు ఒకటి చెప్తాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక ఊరి మంచినీళ్ల మీద నోట్ రాయమన్నారు. ఫైల్లో ఫ్లోరైడ్ సగటు లీటరుకు 1.4 మిల్లీగ్రాములని ఉంది. 1.5 దాటలేదు కదా అని, "పరిమితి లోపే ఉంది" అంటూ ఒక్క వాక్యంలో తేల్చి సంతకం పెట్టేశాను. తర్వాత ఆ ఊరెళ్తే ఒక ముసలమ్మ నెత్తి మీది బిందె దించి అడిగింది: "సారూ, మా బడికాడి బోరుది ఎంతొచ్చింది?" నా దగ్గర జవాబు లేదు. వెనక్కొచ్చి పాత కాగితాలు తీశాను. మొత్తం అయిదు బోర్లు. నాలుగింటిలో 0.6, 0.7, 0.8, 0.9. బడి దగ్గరి దాంట్లో 4. అన్నీ కూడితే 7, అయిదుతో భాగిస్తే 1.4. లెక్క ఎక్కడా తప్పలేదు. కానీ పిల్లలు సగటు నీళ్లు తాగరు కదా, ఆ బోరు నీళ్లే తాగుతారు!

అప్పటినుంచి ఏ అంకె చూసినా "ఇది ఏ బోరుది?" అని అడగడం అలవాటైపోయింది. నీకు చెప్పదలచుకున్నదీ ఇదే. మిగతాదంతా దాని వివరణ.

పేపరు తీయగానే నువ్వు సారాంశం, ముగింపు చదివి పక్కన పెడుతున్నావని నీ రాతే పట్టిస్తోంది. ముందు శాంపిళ్లు ఎలా తీశారో రాసిన చోటికి వెళ్లు. ఎన్ని బోర్లు, ఎంత లోతు, వానలకు ముందా తర్వాతా, ఏ పరీక్ష చేశారు? పరీక్ష పేరుతో మనకేం పని అనుకోకు. నీ పన్నెండో పేజీనే చూడు. నాగపూర్‌లోని నీరీ సంస్థ రూపొందించిన నల్గొండ పద్ధతి గురించి రాశావు. నీళ్లలో సున్నం, పటిక, బ్లీచింగ్ పౌడర్ కలిపి, మడ్డి అడుక్కి దిగాక పైనీళ్లు వడగట్టే పద్ధతి. పటికలో ఉండేది అల్యూమినియం. ఇక ఫ్లోరైడ్‌ను కొలిచే స్పాడ్న్స్ పరీక్షలో, అది ఎంత ఉంటే ఎర్రటి ద్రావణం అంత వెలిసిపోతుంది. శుద్ధి చేసిన నీళ్లలో అల్యూమినియం కాస్త మిగిలినా అది ఫ్లోరైడ్‌ను పట్టేసుకుంటుంది, రంగును వెలవనివ్వదు. ముందుగా డిస్టిలేషన్ చేయకపోతే ఫ్లోరైడ్ ఉన్నదానికన్నా తక్కువ కనపడుతుంది. ఎలక్ట్రోడ్‌తో కొలిచేవాళ్లు ఈ చిక్కు రాకుండా తగిన బఫర్ కలుపుతారు. ఈ జాగ్రత్తల ఊసే లేకుండా "ఫ్లోరైడ్ బాగా తగ్గింది" అన్న పేపరును అబద్ధమని కొట్టేయకు. ఎంతవరకు నమ్మొచ్చో తేలలేదని రాయి.

ఊరిపేర్లతోనూ, ఏళ్లతోనూ జాగ్రత్త. మన దేశంలో మనుషులకు ఫ్లోరైడ్ వల్ల ఫ్లోరోసిస్ జబ్బు వస్తోందని షార్ట్ అనే పరిశోధకుడి బృందం 1937లో రాసింది నెల్లూరు జిల్లా గురించి. ఆ దర్శి, పొదిలి ప్రాంతం 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడ్డప్పుడు అందులోకి వెళ్లింది. మన నల్గొండ కూడా 2016లో మూడు జిల్లాలైంది. అంతకుముందరి పేపర్లో "నల్గొండ జిల్లా" అంటే సూర్యాపేట, భువనగిరి కూడా కలిపి. నువ్వు పాత అంకె పక్కన కొత్త అంకె పెట్టి "తగ్గింది" అన్నావు. తగ్గింది ఫ్లోరైడా, జిల్లానా?

ఇంకొకటి. ఒకే అంకెను అయిదు పేపర్లలో చూసి అయిదు రుజువులు దొరికాయనుకున్నావు. వెనక్కి వెళ్లి చూశాను, నాలుగూ ఆ అయిదోదాన్నే ఎత్తి రాశాయి. సాక్షి ఒక్కడే. అసలు పేపరు చదివి దాన్నే పేర్కొను.

సంగ్రహంగా రాసేటప్పుడు పేపరు మూసేసి, గుర్తున్నది నీ మాటల్లో రాసి, మళ్లీ తెరిచి సరిచూసుకో. ఒక పేపరు "వేసవిలో తీసిన శాంపిళ్లలో సగానికి పైగా 1.5 దాటాయి" అంది. నువ్వు "వేసవిలో ఫ్లోరైడ్ పెరుగుతుంది" అని రాశావు. వాళ్లు వానాకాలంలో శాంపిళ్లే తీయలేదమ్మా, పెరిగిందని ఎవరు చెప్పారు? కుదించినప్పుడు ముందు రాలిపోయేవి "కొన్ని", "కావచ్చు", "ఈ ఊళ్లో" లాంటి చిన్న మాటలే. వాటిని మాత్రం వదలకు. పరిమితి విషయం కూడా అంతే. నాలుగు చోట్ల 1.5 అన్నావు, రెండు చోట్ల 1 అన్నావు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది 1.5. మన భారతీయ ప్రమాణం ఐఎస్ 10500, 2012 సవరణ ప్రకారం, 1 దాటకూడదు. వేరే నీటివనరు లేనప్పుడు మాత్రమే 1.5 దాకా ఒప్పుకుంటుంది. ఎక్కడ ఏది వాడావో చెప్పకపోతే ఒకే బోరు ఒక పేజీలో మంచిదవుతుంది, ఇంకో పేజీలో చెడ్డదవుతుంది.

ఇక అమరిక. "ఫలానావారు ఇలా అన్నారు, ఫలానావారు అలా అన్నారు" అంటూ పేపరుకో పేరా రాసుకుంటూ పోయావు. అది చదివినవాటి జాబితా, రిపోర్టు కాదు. ఒక పెద్ద కాగితం మీద గళ్లు గీయి. పేపరుకో అడ్డవరస. నిలువు గళ్లలో ఊరు, సంవత్సరం, కాలం, శాంపిళ్ల సంఖ్య, పరీక్ష, ఫలితం, లోటు. ఖాళీగా మిగిలిన గడే నీకు ఎక్కువ చెబుతుంది. అప్పుడు ప్రశ్నలవారీగా విడదీయి. ఏ బోర్లలో ఎక్కువ ఉంది? ఎందుకుంది? ఏం చేయాలి, ఖర్చెంత? ఒక్కో ప్రశ్న కింద అన్ని పేపర్లూ మాట్లాడాలి, పోట్లాడుకోవాలి కూడా. అవి ఎక్కడ విభేదించాయో దాచకు.

మొదటి పేజీలో జవాబు పెట్టు. సర్పంచ్ చదివేది ఆ ఒక్క పేజీనే. ఇంజనీరు పట్టికలు చూస్తాడు, నీలాంటివాళ్లే చివరిదాకా చదువుతారు.

తొందరేం లేదు. ముందు ఆ మొదటి పేజీ ఒక్కటి పంపు, మీ పెద్దమ్మకు చదివి వినిపిస్తా. తను మళ్లీ "తాగొచ్చా, వద్దా?" అని అడిగిందంటే మాత్రం తిరుగు టపాలో నీకే వచ్చేస్తుంది.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న